బండి లేని పెళ్ళికొడుకు

ఆ రోజు పొద్దున ఓంకార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బోరబండలో బండెక్కి, గచ్చిబౌలిలో తన ఆఫీసు దాటుకుని పుప్పాలగూడ దాకా పోయి, ఉదయశ్రీ ఆఫీసు బస్సెక్కడం కళ్ళారా చూసి, మళ్ళీ వెనక్కి తిరిగి ఆఫీసుకు రావాలి. బోరబండ నుంచి గచ్చిబౌలికి పోయేవాడికి పుప్పాలగూడ ఏ లెక్కన దారిలో పడుతుందని అడిగితే మాత్రం అతని దగ్గర జవాబు లేదు. ప్రేమించినవాడికి ఊరి దారులు కాస్త వంకరగానే ఉంటాయి. దాదాపు ఏడాదిగా అతను ఇదే వంకర దారిలో ఆఫీసుకు వెళుతున్నాడు.

బండెక్కాడంటే నిండుగా ఎక్కాల్సిందే. భుజాల దగ్గర, మోచేతుల దగ్గర గట్టి దిమ్మలున్న నల్ల జాకెట్, మోకాళ్ళకు తొడుగులు, చేతులకు గ్లవ్స్, చీలమండలు దాటే బూట్లు, ముఖానికి చెమట పీల్చే నల్లగుడ్డ, ఆపైన నిండు హెల్మెట్. జనవరిలో ఇదంతా చూసి ఆఫీసువాళ్ళు మెచ్చుకున్నారు, మే నెలలో జాలిపడుతున్నారు. రెండేళ్ళ కిందట ఇసుక మీద బండి జారినప్పుడు జాకెట్ మోచెయ్యి అరిగి చిల్లు పడింది గాని, లోపలి మోచేతికి గీత కూడా పడలేదు. అప్పటి నుంచి అతను ఎవరేమన్నా వినడు. ఎండాకాలానికి ఓ పద్ధతి కూడా పెట్టుకున్నాడు. బనీను నీళ్ళలో ముంచి పిండి తొడుక్కుంటాడు. బండి కదులుతున్నంతసేపు జాకెట్ సన్నటి చిల్లుల్లోంచి గాలి దూరి ఒళ్ళు హాయిగానే ఉంటుంది. చిక్కంతా బండి ఆగితేనే. కాసేపు ఎండలో ఆగితే లోపల ఇడ్లీలు ఉడుకుతాయి.

ఇంతకీ అసలు చిక్కు ఎండ కాదు, ఉదయశ్రీ తండ్రి సీతారామయ్య. కాకినాడలో నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరై, భార్య పుణ్యవతితో సహా కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్నాడు. కూతురు ప్రేమ సంగతి చెప్పినప్పుడు ఆయన కులం అడగలేదు, జిల్లా అడగలేదు. "మోటార్ సైకిల్ నడిపేవాడికి మాత్రం పిల్లనివ్వను" అన్నాడు. తండ్రి ముఖం చూసి భయపడ్డ ఉదయశ్రీ, "అతనికి బండే లేదు నాన్నా, సిటీ బస్సులో వెళ్తాడు" అనేసింది. అది విన్న ఓంకార్ తన వంతుగా, "ఎవరన్న వచ్చి అడిగితే నాకు బండి లేదని చెప్పుండ్రి" అని తల్లి రుక్కమ్మకు చెప్పాడు. సంబంధం అనుకున్నాక చుట్టుపక్కల ఆరా తీయకుండా ఏ తండ్రీ ఊరుకోడు కదా. రుక్కమ్మ ఏ పని చేసినా అరకొరగా చేసే మనిషి కాదు. ఇంటింటికీ తిరిగి గల్లీ మొత్తానికి పాఠం చెప్పి వచ్చింది. సీతారామయ్య ఔననో కాదనో ఆ సాయంత్రమే మాట చెప్పాలి.

ఆ పొద్దున ఉదయశ్రీ తన అపార్ట్‌మెంట్ గేటు ముందు బస్సెక్కింది, కిటికీలోంచి చెయ్యి ఊపీ ఊపనట్టు ఊపింది, బస్సు కదిలిపోయింది. ఓంకార్ తృప్తిగా ఊపిరి వదిలి బండి స్టార్ట్ చేయబోతుండగా వెనక సీటు మీద బరువు పడింది.

"ఐదు, రెండు, ఎనిమిది, సున్నా" అన్నదో గొంతు.

ఓంకార్ అద్దంలో చూశాడు. అద్దంలో సీతారామయ్య ఉన్నాడు. ఉదయశ్రీ ఫోన్లో ఎన్నోసార్లు చూసిన ముఖం, అదే కళ్ళజోడు, అదే తెల్ల మీసం.

"ఓటీపీ చెప్పానయ్యా. బోరబండ పోనియ్" అన్నాడు సీతారామయ్య. "కార్లు దొరకట్లేదని మా వాచ్‌మన్ నర్సింహ బైక్ టాక్సీ బుక్ చేశాడు. హెల్మెట్ పెట్టుకున్నవాడు గేటు ముందుకొస్తాడన్నాడు. నీ అంత హెల్మెట్ ఇక్కడ ఇంకెవడికీ లేదు. త్వరగా బయల్దేరు బాబూ, మా ఆవిడ బాల్కనీలోకొస్తే చూస్తుంది."

ఓంకార్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. నేను ఆ డ్రైవర్ని కాదంటే మరెవరివంటాడు. హెల్మెట్ తీస్తే బండి లేని అబ్బాయి బండి మీద, అదీ వాళ్ళ గేటు ముందే దొరికిపోతాడు. సాయంత్రం దాకా ఆగనక్కర్లేకుండా సంబంధం ఇక్కడే తెగిపోతుంది. అందుకని "సరే సార్" అని గొంతు మందంగా చేసి అన్నాడు. అసలు రావలసిన డ్రైవర్ కాసేపటికి వచ్చి, నర్సింహతో జగడమాడి వెళ్ళాడని తర్వాత తెలిసింది.

ఎవరినైనా సరే, హెల్మెట్ లేకుండా వెనక కూర్చోబెట్టుకోవడం మాత్రం ఓంకార్ వల్ల కాదు. ఏనాటికైనా ఉదయశ్రీ ఎక్కుతుందని ఇంకో హెల్మెట్ ఎప్పుడూ బండికి తగిలించి ఉంచుతాడు. దాన్ని తీసి సీతారామయ్య తలకు పెట్టి, కళ్ళజోడు కదలకుండా సర్ది, గడ్డం కింద పట్టీ బిగించి, మరీ బిగుతైందేమోనని వేలు దూర్చి చూశాడు.

సీతారామయ్య అతని వంక వింతగా చూశాడు. "చిన్నప్పుడు మా అమ్మ మంకీ క్యాప్ ఇలాగే కట్టేది" అన్నాడు.

బండి కదిలింది. మొదట్లో సీతారామయ్య ఓంకార్ భుజాలను రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుని ఏదో స్తోత్రం చదువుకున్నాడు. గచ్చిబౌలి దాటాక ఒక కన్ను తెరిచాడు, కొత్తగూడ దగ్గర రెండోది కూడా తెరిచాడు. ఎక్కడా కుదుపు లేదు, సందుల్లో దూరడం లేదు. రెడ్ సిగ్నల్ పడితే గీతకు ఇవతలే ఆగుతున్నాడు. వెనకనుంచి హారన్లు మోగుతుంటే సీతారామయ్యకే మొహమాటమేసింది.

"అందరూ పోతున్నారు కదయ్యా, మనమూ పోదామా?"

"రెడ్ ఉన్నది సార్."

మాదాపూర్ ఎండ మేడల అద్దాల మీద పడి రెండింతలై కొడుతోంది. సీతారామయ్య మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. "నాకు బాలు అని ఓ తమ్ముడుండేవాడు బాబూ. ఇలాంటి ఎండలోనే, మోటార్ సైకిల్ మీద సామర్లకోట నుంచి వస్తున్నాడు. తల ఉడికిపోతోందని హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకున్నాట్ట. తలకుంటే బతికేవాడన్నారు డాక్టర్లు. మా మరదలు ఆ రాత్రంతా గుమ్మంలోనే నిలబడింది, వస్తాడని. నా కూతురు ఎప్పుడూ అలా గుమ్మంలో నిలబడకూడదయ్యా. నా భయమల్లా అదే."

ఇన్నాళ్ళూ ఓంకార్ ఆయన్ను మొండిమనిషి అనుకున్నాడు. తన భుజం మీదున్న ఆ చేతిలో ఉన్నది మొండితనం కాదని ఇప్పుడు తెలిసింది, అబద్ధం చెప్పినందుకు సిగ్గేసింది. బోరబండలో దిగగానే నిజం చెప్పేయాలని గట్టిగా అనుకున్నాడు.

గల్లీ మొదట్లో బండి ఆపి, "సార్, మీకు ఒక మాట చెప్పాలె" అన్నాడు.

"ఉండవయ్యా, ముందు వచ్చిన పని కానీ. ఇక్కడే ఉండు, మళ్ళీ నీతోనే వెళ్తాను" అంటూ సీతారామయ్య దిగి, హెల్మెట్ అతని చేతికిచ్చి, ఎదురుగా ఉన్న లింగయ్య కిరాణా దుకాణంలోకి నడిచాడు.

లింగయ్య ముందు బండిని చూశాడు, తర్వాత బండి మీదున్న ఓంకార్‌ను చూశాడు. రోజూ చూసే బండి, రోజూ చూసే జాకెట్. ఆ తర్వాత తెల్ల మీసాల కొత్తమనిషిని చూశాడు. రుక్కమ్మ చెప్పిన ఘడియ వచ్చిందని అతనికి అర్థమైపోయింది.

"ఇక్కడ ఓంకార్ అని ఓ అబ్బాయి..." అని సీతారామయ్య ఎత్తుకున్నాడో లేదో, "బండి లేదు సార్!" అన్నాడు లింగయ్య. "గా పిల్లగానికి బండే లేదు. ఇగో, గక్కడున్న బండిని గూడ నేను జిందగీల చూడలే."

"ఆ బండి సంగతి నేనడగలేదండీ."

"అడిగినా గదే చెప్త సార్."

ఆయన వెనకనుంచి ఓంకార్ వద్దు వద్దని రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. చెప్పింది చాలు, ఆపేయమని అతని ఉద్దేశం. నల్ల గ్లవ్స్ అంత గట్టిగా ఊగుతుంటే, తాను చెప్పింది చాలడం లేదని లింగయ్య అనుకున్నాడు.

"బండి సంగతి పక్కకు పెట్టుండ్రి, సైకిల్ గూడ తొక్కడు. రోడ్డు దాటాలన్నా పరేషాన్ అయితడు" అని, సాక్ష్యం కోసం దుకాణం అరుగు మీద పేపరు చదువుతున్న ఈశ్వరయ్యను పిలిచాడు. "ఏమంటవ్ ఈశ్వరన్నా?"

ఈశ్వరయ్య ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరైనవాడు. ఇంకొకడి మాట కన్నా తన మాట ఒక మెట్టు పైన ఉండాలనేది ఆయన పట్టుదల. పేపరు మడిచి, ఓంకార్ వంక ఓసారి చూసి, కళ్ళతోనే ధైర్యం చెప్పాడు.

"రోడ్డు ముచ్చట ఇడిచిపెట్టుండ్రి సార్. బండిని చూస్తేనే గా పిల్లగానికి తల తిరుగుతది. కండ్లు తేలేస్తడు. మొన్న గీడనే పడితే నేనే లేపిన."

ఓంకార్ చేతులు ఊపడం మానేసి హెల్మెట్ పట్టుకున్నాడు. సీతారామయ్య ముఖంలో రంగు మారింది. కుర్రాడికి మూర్ఛ ఉందన్నమాట. ఈ సంగతి కూతురికి తెలుసో తెలియదో.

సీతారామయ్య ఓంకార్ ఇంటి ముందుకు వెళ్ళేసరికి రుక్కమ్మ గుమ్మంలోనే ఉంది. భర్త ఐలయ్య మేస్త్రీ పని మీద పొద్దున్నే కొల్లూరు వెళ్ళాడు. గుట్టుగా ఉండాలని సీతారామయ్య కిరాయికి ఇల్లు వెతుకుతున్నానని చెప్పుకున్నాడు. ఆమె గుట్టుగా నమ్మినట్టు నటించి కుర్చీ వేసింది. ఆయన తలమీదుగా గల్లీ మొదట్లోకి చూస్తే కన్నకొడుకు మండే ఎండలో, చెట్టు నీడైనా లేని చోట, నిలువునా కప్పుకుని నిలబడి ఉన్నాడు. పిలిచి నీడలో కూర్చోబెడదామా అనుకుంది. అయినా పాఠం చెప్పిన తానే తప్పితే ఎలా?

"గా బండాయన ఎవరో పాపం, ఎండల ఉన్నడు. నీళ్ళిచ్చొస్త" అని చెంబుతో వెళ్ళింది.

"అమ్మా, నేను చెప్పేస్తనే, ఉడుకుతున్న" అన్నాడు ఓంకార్ హెల్మెట్ లోపలినుంచి.

"జర ఓర్చుకో కొడుకా. అయిపోయింది, మంచిగ నమ్ముతున్నడు" అని, ఎవరైనా చూస్తారేమోనని గట్టిగా, "తాగు నాయనా, ఎవరి బిడ్డవో ఏమో" అని చెంబు అతని చేతిలో పెట్టి వచ్చేసింది. ముఖమంతా గుడ్డ చుట్టుకున్నవాడు ఎలా తాగుతాడు? మెడ దగ్గర జాకెట్ సందులో పోసుకున్నాడు. చుయ్యిమన్నట్టనిపించింది గాని ఎంతోసేపు నిలవలేదు.

లోపల సీతారామయ్య మాట ఎలా కదపాలో తెలియక కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మీ అబ్బాయి గురించి విన్నానమ్మా. చిన్నప్పటినుంచీ ఉందా ఇది?"

బండి సంగతే అడుగుతున్నాడనుకుంది రుక్కమ్మ. "ఆఁ సార్, పుట్టినప్పటిసంది గంతే."

"డాక్టర్‌కి చూపించలేదా?"

"గింతదానికి డాక్టరెందుకు సార్? లగ్గమైతే గదే సర్దుకుంటది."

జబ్బు దాచి చేసిన ఎన్ని పెళ్ళిళ్ళలో సీతారామయ్య ఈ ముక్క వినలేదు! ఆమె తెచ్చిన మజ్జిగ తాగలేక, కాదనలేక, సగం తాగి లేచాడు. ఆమె ముఖం చూస్తే కోపం కూడా రాలేదు. తలొంచుకుని బండి దగ్గరికి వచ్చి, లింగయ్య దుకాణం అరుగు మీద కూలబడ్డాడు. ఈశ్వరయ్య మర్యాదగా జరిగి చోటిచ్చాడు.

"బాబూ, మనసేం బాగాలేదు" అన్నాడు ఓంకార్‌తో. "మా అమ్మాయి ఒకణ్ణి ఇష్టపడింది. మనుషులు మంచివాళ్ళే, కానీ కుర్రాడికి మూర్ఛ రోగమట. జబ్బున్నందుకు తప్పుపట్టను, దాచిపెట్టి పెళ్ళి చేద్దామనుకున్నారు చూడు, అదే నచ్చలేదు. సాయంత్రం కాదని చెప్పేస్తాను. దాని ఏడుపు ఎలా చూడాలో మాత్రం తెలియట్లేదు." కళ్ళు తుడుచుకుని తలెత్తాడు. "బండి నడిపేవాడికి పిల్లనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను గానీ, నడిపితే నీలా నడపాలయ్యా. నీకు పెళ్ళయిందా?"

ఓంకార్‌కు ఆ మాట ఎక్కడో దూరంనుంచి వినబడింది. కాదని చెప్పేస్తాననడం మాత్రం దగ్గర్నుంచే వినబడింది. "సార్, నేనే..." అన్నాడు. ఎదురుగా ఉన్న దుకాణం ఓసారి గిర్రున తిరిగింది. చెయ్యి బండి మీద ఆనించి, అలాగే జారి, మెల్లగా నేలకు చేరాడు.

సీతారామయ్య ఒక్క దూకులో వచ్చి అతణ్ణి నీడలోకి లాగాడు. గడ్డం కింద పట్టీ విప్పి, హెల్మెట్ తీసి, ముఖం మీది నల్లగుడ్డ లాగాడు. ఎర్రగా కందిపోయిన ముఖం బయటపడింది. కూతురు వారం రోజులుగా రోజుకోసారి చూపించిన ఫోటోలోని ముఖమే. సీతారామయ్య ఆ ముఖం చూశాడు, పక్కనున్న బండి చూశాడు, తేలిపోతున్న కళ్ళు చూశాడు. ఈశ్వరయ్య చెప్పింది అక్షరాలా నిజమే! బండి పక్కనే తల తిరిగి పడ్డాడు.

"మూర్ఛ! ఇనుము పట్టుకురండి, ఇనుము!" అని కేకేసి, జేబులోంచి తన ఇంటి తాళాల గుత్తి తీసి అతని గుప్పిట్లో పెట్టి మూశాడు.

రుక్కమ్మ బకెట్‌తో పరుగెత్తుకొచ్చింది. పాఠం గీఠం గంగలో కలిసింది. "నా కొడుకా! ఓంకారూ!" అని ఏడుస్తూ నెత్తిమీద నీళ్ళు కుమ్మరించింది. ఇంత జరుగుతున్నా లింగయ్య మాత్రం మాట తప్పలేదు. "గీ పిల్లగాడెవరో మాకు తెల్వదు సార్! బండి గూడ తెల్వదు!" అంటూనే జాకెట్ జిప్పు లాగి, బూట్లు విప్పి, పేపరుతో విసరడం మొదలుపెట్టాడు.

ఉప్పు వేసిన మజ్జిగ రెండు గ్లాసులు లోపలికి పోయాక ఓంకార్ కళ్ళు నిలబడ్డాయి. తల సీతారామయ్య ఒళ్ళో ఉంది. గుప్పిట విప్పి చూసుకున్నాడు.

"ఈ తాళాలు ఏంది సార్?"

"నీ జబ్బుకు బాబూ."

"నాకు ఏ జబ్బు లేదు సార్. ఉడికిపోయిన, గంతే." అని లేచి కూర్చుని, ఇంక దాచేదేమీ లేదు గనక అంతా చెప్పేశాడు. బండి తనదేనన్నాడు. తల్లికి చెప్పిందీ, తల్లి గల్లీకి చెప్పిందీ, పొద్దున వాళ్ళ గేటు ముందు ఎందుకున్నాడో కూడా చెప్పాడు. "అబద్ధం ఆడిన సార్. నిజం చెప్తే ఆమె నాకు దక్కదని భయమైంది. బండి అమ్మేస్త. కాదని మాత్రం అనకుండ్రి."

సీతారామయ్య తడిసిపోయిన ఆ జాకెట్‌ను చేతిలోకి తీసుకుని, భుజం దగ్గరి దిమ్మను నొక్కి చూశాడు.

"నేను లోపలున్నంతసేపూ ఇది విప్పొచ్చు కదయ్యా."

"విప్పితే మీరు గుర్తుపడ్తరు కద సార్."

"రోజూ వేసుకుంటావా? ఈ ఎండలో?"

"రోజూ ఏసుకుంట సార్. నడుస్తుంటే గాలి ఆడతది."

సీతారామయ్యకు తమ్ముడు గుర్తొచ్చాడు. వాడూ ఇలా మొండిగా ఉడికి ఉంటే ఎంత బాగుండేది! ఓంకార్ తడి తల మీద చెయ్యి వేసి నిమిరాడు.

"ఇలా చూడు. అబద్ధం చెప్పినందుకు నీ మీద కోపం ఉంది, అది మెల్లగా తీర్చుకుంటాను. మా అమ్మాయి మీద కూడా ఉంది. కానీ బండి అమ్మావంటే మాత్రం పిల్లనివ్వను. అది ఎక్కడికెళ్ళినా నీ వెనకే కూర్చుని వెళ్ళాలి. ఇంకెవడి వెనక కూర్చున్నా నాకు నిద్ర పట్టదు. ఎండలో ఎక్కడైనా ఆగితే ముందు నీడలోకి వెళ్ళు, వెంటనే ఇవన్నీ విప్పు. మామగారు గుర్తుపడతారని చూడకు."

రుక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఓంకార్ ఆయన కాళ్ళకు వంగబోతే, మళ్ళీ పడతావని సీతారామయ్య భుజాలు పట్టి ఆపాడు. తర్వాత మిగిలిన మజ్జిగ అడిగి మరీ తాగి, చుట్టూ ఉన్న గల్లీని తేరిపార చూశాడు.

"మా ఆవిడ పుణ్యవతి నా మాట నమ్మే రకం కాదు. ఆదివారం తనే వచ్చి మీ అందర్నీ అడుగుతుంది. దయచేసి ఈసారి నిజం చెప్పండి."

లింగయ్య ఈశ్వరయ్య వంక చూసి, తల గోక్కుని, వినయంగా ముందుకొచ్చాడు. "తప్పకుండ చెప్తం సార్. నిజమేందో జర ఇప్పుడే చెప్పిపోండ్రి, మళ్ళ తలా ఒకటి చెప్తే బాగుండదు."